ప్రోగ్రామింగు విద్య: రుసుము లేని పాఠములు



కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా తెలుపు ఆజ్ఞల సముదాయమే ప్రోగ్రాము. పట్టణమున ఈ విద్య నేర్పింతుమనువారికి అప్పుచేసి వేలు చెల్లింపకముందు, బిడ్డలచే ఒక మాసము ఉచిత పాఠములు చదివించి చూడుడు. భారత ప్రభుత్వము 2017లో నెలకొల్పిన ‘స్వయం’నందు ఇవి ఇంటనుండియే లభించును. యోగ్యతాపత్రమునకై పరీక్ష వ్రాయువారే రుసుము చెల్లింపవలయును.

అయితే గట్టున నిలిచి చూచినంతమాత్రమున దున్నుట రాదు. ప్రతి పాఠము పిదప స్వయముగా వ్రాసి, తప్పులు దిద్దుకొనవలయును. మొదట సంఘపు అప్పునకు వడ్డీ కట్టు ప్రోగ్రాము వ్రాయింపుడు. అసలును, వడ్డీరేటును, సంవత్సరములను గుణించి 100చే భాగింపవలయును. 10,000 రూపాయలకు నూటికి 7 చొప్పున ఏడాదికి 700 రావలయును. రానిచో ఆజ్ఞలలో తప్పున్నదన్నమాట; దానిని వెదకి దిద్దుటయే అసలు చదువు. మాసాంతమునను ఆసక్తి నిలిచియున్నచో, అప్పుడు పైచదువు సంగతి ఆలోచింపవచ్చును.