నున్నటి గీతను నమ్మకండి

1. అయాన్ పేరు దగ్గరే మోసపోకండి. ఫెర్రమ్ 14 అని రాస్తే 14 ఎలక్ట్రాన్లు పోయిన ఇనుమని కాదు, పోయినవి 13. తటస్థ పరమాణువుకే 1 అంకె ఇచ్చేశారు మరి. ఇనుముకున్న 26లో 13 పోతే మిగిలేవి 13. ఇక్కడ ఒకటి తక్కువేసుకుని, ఈ పనిలో చేరిన కొత్తలో ఓ వారం నేను వేరే అయాన్‌కి లెక్క కట్టాను.

2. ఈ లెక్కలు ఎందుకని ఇంట్లో అడిగితే గ్రహణాలతో మొదలుపెట్టండి. 1868 ఆగస్టు 18న ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరులోనే సూర్యజ్వాలల వర్ణపటం చూశాడు. ఊరి పేరు వింటే తరవాతిది శ్రద్ధగా వింటారు. మరుసటి ఏడు అమెరికా గ్రహణంలో యంగ్, హార్క్‌నెస్ కరోనాలో ఓ ఆకుపచ్చ రేఖ పట్టారు, 5303 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర. ఏ మూలకానిదో తెలియక కరోనియం అన్నారు. 1940ల మొదట్లో ఎడ్లెన్ తేల్చాడు, అది ఈ ఇనుమే. ఆ పదమూడు ఎలక్ట్రాన్లు ఊడాలంటే అక్కడి వేడి పది లక్షల డిగ్రీల పైమాటే. రేఖ ఎవరిదో తెలిసింది. అదెంత వెలగాలో చెప్పాలంటే మాత్రం, ఎలక్ట్రాన్లు ఆ అయాన్‌ని ఎంత తరచుగా గుద్ది పై మెట్టు ఎక్కిస్తాయో తెలియాలి. సూర్యకాంతి ఎక్కించేది కొంత ఉంటుంది, అది వేరే పద్దు.

3. గుద్దే ఎలక్ట్రాన్ సంగతి తరవాత. ముందు అయాన్ శక్తి మెట్లు లెక్కకట్టి, ప్రయోగంలో కొలిచిన వాటి పక్కన పెట్టండి. పొంతన లేకపోతే అక్కడే ఆగండి.

4. మెష్, అంటే లెక్క కట్టే శక్తి బిందువుల వరస. నా మొదటి లెక్కలో శక్తి అడుగు 0.01 రిడ్‌బర్గ్. కొలిజన్ స్ట్రెంత్ (గుద్దుడు ఎంత ఫలిస్తుందో చెప్పే అంకె) గీత చక్కగా, నున్నగా వచ్చింది. మురిసిపోతూ తీసుకెళ్ళాను. గురువుగారు కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "ఏమయ్యా, క్షవరం చేయించావా దీనికి?" అన్నారు.

వచ్చిన ఎలక్ట్రాన్ ప్రతిసారీ గుద్దేసి పోదు. కొన్ని శక్తుల దగ్గర అయాన్‌ని పైకెక్కించి, తన శక్తి చాలక అక్కడే చిక్కుకుంటుంది. కాసేపటికి అయాన్ దిగుతూ దాన్ని బయటికి నెడుతుంది. అవే రెజొనెన్సులు. గ్రాఫులో తుమ్మముళ్ళలా నిలబడతాయి. అడుగు పెద్దదైతే రెండు బిందువుల మధ్య నుంచి జారిపోతాయి. ఆకుపచ్చ రేఖ మెట్ల మధ్య తేడా 2.34 ఎలక్ట్రాన్ వోల్టులే. 20 లక్షల డిగ్రీల దగ్గర ఎలక్ట్రాన్ల ఉష్ణశక్తికి కొలమానమైన కేటీ విలువేమో దాదాపు 172 ఎలక్ట్రాన్ వోల్టులు. అంత మేరా పరుచుకున్న ముళ్ళన్నీ సగటులోకి రావాల్సిందే. అడుగు నూరో వంతు చేశాక గ్రాఫు తుమ్మతోపైంది, రేటు బాగా పెరిగింది.

ఆర్-మ్యాట్రిక్స్ పద్ధతి మీద నాకు అభిమానం అందుకే. అయాన్ చుట్టూ ఒక గోళం గీసుకుని, లోపలి పెద్ద లెక్క ఒక్కసారే చేస్తాం. ఆపైన ఎన్ని శక్తులకైనా బయటి లెక్క చవక. మెష్‌లో పిసినారితనానికి సాకు లేదు.

5. శక్తి కొలతల్లో హార్ట్రీకి రెండు రిడ్‌బర్గ్‌లు. గోడకి అంటించుకోండి. నేను అంటించుకున్నది తప్పు చేశాకే.

6. శక్తి పెరిగే కొద్దీ లెక్క ఎక్కడో ఆపక తప్పదు. ఆపిన చోటి నుంచి అనంతం దాకా గీత ఎటు పోతుందో చూడాలి. బర్జెస్, టల్లీ 1992లో చెప్పిన పద్ధతిలో శక్తి అక్షమంతా సున్నాకీ ఒకటికీ మధ్య ఇమిడిపోతుంది. తప్పుడు బిందువు అందులో వంకర పన్నులా కనబడుతుంది.

7. ఇద్దరి జవాబులు కలిశాయని సంబరపడేముందు, ఇద్దరూ అయాన్‌కి ఒకే వర్ణన వాడారేమో అడగండి. ఒకసారి నాతో కలిసిన జవాబు, తీరా చూస్తే, నా ఫైలుతోనే చేసినది.

8. నోటుబుక్కు మొదటి పేజీలో అయాన్ పేరు కంటే ముందు మెష్ అడుగు రాసుకుంటాను. ఇప్పటికీ.