ప్రశ్నలు – జవాబులు: సొరబుర్రయు బీసీడీయు

ప్రశ్న: ఆర్యా, నేను పుదుచ్చేరిలో స్కూబా శిక్షణము ముగించుకొని, 18 మీటర్ల లోతువరకు మునుగుటకు యోగ్యతాపత్రము పొందితిని. సొంతముగా ఒక బీసీడీ కొనవలెనని కోరిక. చేతిలోని సొమ్ము స్వల్పము. జాకెట్టు రకము మేలా, వీపున మాత్రమే గాలి నిండు వింగు రకము మేలా? — ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: మీ ప్రశ్నకు బదులు చెప్పుటకు ముందు మా ఊరి కపిలబావిని ఒక్కమారు తలచుకొననిండు. చిన్ననాడు మాకు ఈత నేర్పిన పెద్దలు ఎండిన సొరబుర్రను వీపునకు కట్టి, మెట్టుమీద నిలిపి, "దూకరా" యని నీటిలోనికి త్రోసెడివారు. ఆ బుర్రకు తేల్చుటయే గాని ముంచుట తెలియదు గనుక, అడుగున పడిన చెంబును తీయవలసి వచ్చినప్పుడు దానిని విప్పి గట్టున బెట్టి మునుగవలసినదే. బీసీడీ (నీటిలో తేలుటను అదుపుచేయు తొడుగు) యనునది, కట్టుకొన్నవాని యిచ్చ చొప్పున ఉబ్బుటకును తగ్గుటకును నేర్చిన సొరబుర్ర. చేప కడుపులోని గాలితిత్తి పుట్టుకతో చేయు పనినే ఇది మీటలతోను గొట్టముతోను చేయును.

సముద్రమున ప్రతి 10 మీటర్ల లోతునకును ఒక వాతావరణపు ఒత్తిడి హెచ్చును గావున, నీటిమట్టమున ఒక లీటరుగా నున్న గాలి 10 మీటర్ల అడుగున అరలీటరై, 20 మీటర్ల అడుగున మూడవవంతునకు కుదించుకొని పోవును. మీరు తొడుగుకొన్న రబ్బరు దుస్తులోని సన్నని బుడగలును అట్లే నలిగిపోవుటచేత, దిగినకొలది మీరు బరువెక్కుచున్నట్లుండును. ఆ లోటును పూరించుటకే సిలిండరులోని గాలిని చిటికెడు చిటికెడుగా తిత్తిలోనికి వదలుట, మరల పైకి వచ్చునపుడు అదే గాలి ఉబ్బి మిమ్ము ఎగద్రోయకుండ దానిని విడిచివేయుట. కూస్తో, గన్యాను అను నిరువురు ఫ్రాన్సుదేశమున 1943లో నేటి శ్వాసయంత్రమును రూపొందించిరి. ఫెంజీ యను మరియొక ఫ్రెంచివాడు మెడకు తగిలించుకొను తిత్తికి 1961లో పేటెంటు పొందెను. ఈ నడుమ కాలమున నీటమునిగినవారు చాలవరకు నడుమున సీసమును, రొమ్మున ఊపిరిని నమ్ముకొనియే తమ తూకమును నిలుపుకొనిరి. నేటికిని నేర్పరియైనవాడు ముందుగా సీసమును, ఊపిరిని సరిచూచుకొనును గనుకనే వాని బీసీడీలో గాలి మిక్కిలి తక్కువగా నుండును.

కావున పెద్ద తిత్తికై పెద్ద వెల పెట్టకుడు. మన వెచ్చని సముద్రములలో 3 మిల్లీమీటర్ల దుస్తుతో, 11 లీటర్ల అల్యూమినియము సిలిండరుతో దిగువానికి ఒక పన్నెండు కిలోల తేల్చు శక్తి చాలును. ఆ సిలిండరున 200 బార్ల ఒత్తిడితో కూరిన గాలి రెండువేల లీటర్లకు పైబడి, రెండున్నర కిలోలు తూగును; ఊపిరిగా అది ఖర్చైనకొలది మీరు తేలికయగుదురు. గాలికిని బరువున్నదన్న మాట బడిలో చదివినప్పుడు నమ్మినవాడను గాను, సముద్రమున నమ్మితిని.

ఇక జాకెట్టా, వింగా? వింగు నీటి అడుగున దేహమును చేపవలె అడ్డముగా నిలుపును, కాని మట్టమునకు వచ్చి దానిని నిండ ఊదితిరేని ముఖమును ముందునకు త్రోయ జూచును. జాకెట్టు అలలమీద మిమ్ము నిటారుగా నిలుపును, మీరు నేర్చినదియు బహుశః దానితోడనే. క్రొత్తవాడును, సొమ్ము కొఱతగా నున్నవాడును అయినచో నేను జాకెట్టు పక్షమే వహింతును. వెల పెట్టవలసిన చోట్లు రెండే: ఒంటికి కుదురుట, గాలి మీట నమ్మకముగా పనిచేయుట. జేబుల సంఖ్య, మెఱయు ఉక్కు కడియములు, సీసము దాచుకొను ప్రత్యేకపు సంచులు, ఇవన్నియు సౌఖ్యములే గాని అవసరములు గావు; సాదా నడికట్టున సీసపు దిమ్మెలు గుచ్చుకొన్నను పని జరుగును.

ఒక అప్రియమైన మాటయు చెప్పవలెను. మీరు ఏడాదికి ఒకటి రెండు మార్లు మురుడేశ్వరము చెంతనున్న నేత్రాణికో అండమానులకో పోయివచ్చువారే యైనచో, ఇప్పుడప్పుడే బీసీడీ కొనకుడు. అక్కడి రుసుములో పరికరములును చేరియే యుండుట వాడుక. ఆ సొమ్ములో కొంత పెట్టి మీ ముఖమునకు అంటుకొని నీరు చొరనీయని మాస్కు నొకదానిని కొనుడు. పది రకముల అద్దె బీసీడీలను తొడిగిచూచిన పిమ్మట మీ భుజములే మీకు సలహా చెప్పును.

ప్రశ్న: తెలిసినవారొకరు పాత బీసీడీని చౌకగా ఇచ్చెదమనుచున్నారు. మా పొలము బావిలో పరీక్షించి తీసికొనవచ్చునా? — ఒక రైతు కుమారుడు, పుంగనూరు

జవాబు: ముందు గట్టుమీదనే పరీక్షింపుడు. నోటితో బిగువుగా ఊది రాత్రియంతయు వదలి, తెల్లవారి మెత్తబడెనేమో చూడుడు. సైకిలు పంక్చరు అంగడివాడు ట్యూబును ముంచునట్లు తొట్టిలో ముంచి బుడగలు వచ్చు చోటును కనిపెట్టుడు. గొట్టపు ముడుతలలో చీలికలున్నవేమో వ్రేలితో సాగదీసి చూడుడు. అన్నిటికంటె ముఖ్యమైనది గాలి మీట: సిలిండరునకు తగిలించి నొక్కి వదలిన వెంటనే అది ఆగిపోవలెను. ఉప్పు పట్టి బిగుసుకొన్న మీట, నొక్కకున్నను గాలిని నింపుచునే పోయెనా, మునిగినవాడు అదుపు తప్పి బాణమువలె పైకెగయును. అప్పుడు ఊపిరి బిగబట్టినచో ఊపిరితిత్తులే చినుగును. అట్టిదానిని ఉచితముగా ఇచ్చినను పుచ్చుకొనరాదు. తెలిసినవానిచేత మీటను మార్పించిన తరువాతనే మాట.

పుంగనూరి ఆవును కొనువారు అది పొట్టిదని ముచ్చటపడి కొందురు. బీసీడీని మాత్రము మీ కొలతకు సరిచూచి కొనవలెను. నిండ ఊది గుండెనిండ గాలి పీల్చినప్పుడు ప్రక్కటెముకలను నొక్కినచో అది చిన్నది. పట్టీలన్నియు చివరివరకు లాగినను భుజములపై జారినచో అది పెద్దది.

బావిలో దిగుటకు అభ్యంతరము లేదు, మెట్లుండి, ఈత తెలిసిన తోడొకరు మీతో నీటిలో నున్నచో. ఒంటరిగా మాత్రము వద్దు. అయితే అక్కడ కుదిరిన సీసపు లెక్క సముద్రమున చెల్లదు. ఉప్పునీరు బావినీటికంటె నూటికి రెండున్నర పాళ్లు బరువైనది గావున, పరికరములతో కూడ నూరు కిలోలున్నవాడు రమారమి రెండున్నర కిలోల సీసము అదనముగా కట్టుకొననిదే అక్కడ మునుగనే మునుగడు. వాడిన తరువాత తిత్తి లోపలను వెలుపలను మంచినీట కడుగుడు. మన బోరునీరు ఎండినచోట తెల్లని చార విడుచును, చివరిసారి వాననీట కడుగుట మేలు. నీడనే ఆరవేయుడు.

ప్రశ్న: కళాశాలలో చదువుచున్న మా అమ్మాయి స్నేహితురాండ్రతో పుదుచ్చేరిలో స్కూబా నేర్వబోవుచున్నది. బీసీడీ ఉండగా ఈత అంతగా రాకున్నను భయము లేదనుచున్నది. ఆదివారము మధ్యాహ్నమువరకు నీటిలో నుండి, సాయంత్రమే చెన్నై మీదుగా బయలుదేరి ఇల్లు చేరునట. — ఒక తల్లి, కుప్పము

జవాబు: అమ్మా, బీసీడీ ప్రాణరక్షక జాకెట్టు కాదు. స్పృహ తప్పినవారి ముఖమును నీటికి పైన నిలుపునని దానిని నమ్మరాదు. యోగ్యతాపత్రపు శిక్షణలో 200 మీటర్లు ఈదుటయు పది నిమిషములు తేలుటయు సాధారణముగా అడుగుదురు. ముందు ఈత నేర్వుమనుడు. అద్దెకు ఇచ్చునది పురుషుల కొలతదైనచో స్త్రీల కొలతది అడిగి తీసికొమ్మనుడు.

మీరు అడుగని మాటయే నాకు ముఖ్యముగా తోచుచున్నది. లోతున రక్తమున కరిగిన నైట్రోజను మెల్లమెల్లగా వెలువడవలెను; అది వెలువడకముందే ఎత్తునకు ఎక్కినవారికి అది బుడగలుగా మారి కీళ్లను, నరములను బాధించును. అందుచే విమానమెక్కుటకు ముందు, ఒక్కమారు మునిగినవారు 12 గంటలు, పలుమార్లు మునిగినవారు 18 గంటలు ఆగవలెనని చెప్పుదురు. ఈ నియమము సుమారు 600 మీటర్ల ఎత్తునుండియే లెక్కకు వచ్చును. కుప్పము, పుంగనూరు, మదనపల్లె మూడును సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నవి. హార్సిలీకొండ 1,200 మీటర్లకు పైమాటే. రైలులో వచ్చువారికి తాము కొండ యెక్కుచున్నట్లు తోచదు గాని, దేహమునకు మాత్రము తెలియును. ఆదివారపు బండి టిక్కెట్టు రద్దు చేయించి, సోమవారము ఉదయము తరువాత బయలుదేరు బండికి తీయించుడు. ఒక దినము కళాశాలకు సెలవు చీటి వ్రాసి పంపిన సరిపోవును.