మోకాలిలోని నెలవంకలు: శస్త్రచికిత్స తరువాతి సాధన

పాఠ్యపుస్తకాలు ‘మృదులాస్థి’ అని పేర్కొనే పదార్థాన్ని ఇంట్లో ఎవ్వరూ ఆ పేరుతో పిలవరు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో అది ‘కుర్‌కురీ హడ్డీ’. తెలుగు మాట్లాడే ఇండ్లలో అది పంటి క్రింద కరకరలాడే మెత్తని ఎముక. పాయా వండబోయే ముందు మేకకాళ్ళను కడిగే వేళ గమనిస్తే, కీలు దగ్గర ఎముక కొనను కప్పుతూ ముత్యం వలె తెల్లగా, తడిగా, నున్నగా ఒక పొర కనిపిస్తుంది. వేలు పెడితే జారిపోతుంది. మనిషి మోకాలిలో కూడ తొడ ఎముక కొన, దాని క్రింది ఎముక తల, మోకాలి చిప్ప లోపలి వైపు అట్టి పొరతోనే కప్పబడి ఉన్నవి. దాని మందం కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. సామాన్యమైన నడకలోనే మోకాలిపై శరీర బరువుకు రెండు మూడింతల ఒత్తిడి పడుతుంది. మెట్లు దిగేటప్పుడు అది మూడింతలకు మించుతుంది. ఆ భారమంతా జీవితాంతం మోసేది ఈ పలుచని పొరయే.

ఈ పొర గాక, రెండు ఎముకల నడుమ మరి రెండు మెత్తని బిళ్ళలు ఉన్నవి. మోకాలి లోపలి ప్రక్కన ఒకటి, వెలుపలి ప్రక్కన ఒకటి. అంచున దళసరిగా, నడుమకు వచ్చేసరికి పలుచగా, వంపు తిరిగి ఉండే ఈ బిళ్ళలను వైద్యులు మెనిస్కస్ అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు చిన్న చంద్రవంక అని అర్థం. రంజాన్ మాసాంతాన మనం ఆకాశంలో వెదకే నెలవంకకు, మోకాలిలో ఒదిగిన ఈ బిళ్ళకు ఆకారంలో భేదం లేదు. గుండ్రని తొడ ఎముక చదునైన క్రింది ఎముకపై జారిపోకుండ కుదురుగా నిలవడానికీ, భారం ఒక్కచోటనే పడక విశాలంగా పంచబడడానికీ ఇవే ఆధారం. పాదం నేలపై గట్టిగా ఆని, మోకాలు కొద్దిగా వంగి ఉన్న స్థితిలో శరీరం హఠాత్తుగా మెలి తిరిగితే ఈ నెలవంక చిరుగుతుంది. ఫుట్‌బాల్‌లో, కబడ్డీలో, షటిల్ బ్యాడ్మింటన్‌లో ఆ మెలి నిత్యం కలిగేదే.

చర్మం తెగితే వారంలో అతుక్కుంటుంది. ఎముక విరిగితే కొన్ని వారాలలో కూడుకుంటుంది. మృదులాస్థికి ఆ భాగ్యం లేదు. ఏలననగా, ఎముక కొనలను కప్పిన పొరలో రక్తనాళాలు లేవు, నరాలు కూడ లేవు. రక్తం లేనిచోట మరమ్మతు సామగ్రి చేరదు. నరాలు లేనిచోట నొప్పి అనే హెచ్చరిక పుట్టదు. నెలవంకల విషయంలో కొంత ఊరట ఉన్నది. పెద్దవారిలో వాటి వెలుపలి అంచున సుమారు నాలుగవ వంతు వరకు రక్తం అందుతుందనీ, లోపలి భాగానికి అందదనీ 1982లో అమెరికా వైద్యులు ఆర్నోట్‌స్కీ, వారెన్ సూక్ష్మ పరిశీలనతో చూపారు. మృదులాస్థి ఒకసారి చెడితే తిరిగి బాగుపడదనే సంగతిని లండన్ వైద్యుడు విలియం హంటర్ 1743లోనే గ్రంథస్థం చేశాడు. నేటి వైద్యం ఆయన మాటను కొంత సడలించగలిగినదే గాని పూర్తిగా కొట్టివేయలేకపోయింది.

ఈ శస్త్రచికిత్స చరిత్రలో ఒక విచిత్రం ఉన్నది. ఎడింబరోలో థామస్ అన్నండేల్ అనే వైద్యుడు 1883లోనే చిరిగిన నెలవంకను తీసివేయక, కుట్టి స్వస్థానంలో నిలిపాడు. అయినా తరువాతి వైద్యులు ఆ దారిన పోలేదు. నెలవంక ఉన్నా లేకున్నా ఒకటే అనే భావంతో, చిరిగితే మొత్తం ఊడదీయడమే దశాబ్దాలపాటు ఆచారమైంది. 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే ఆంగ్ల వైద్యుడు అట్లు తీసివేసిన మోకాళ్ళ ఎక్స్‌రేలను పరిశీలించి, ఎముకల నడుమ సందు తగ్గుతున్నదనీ, అంచులు మారుతున్నవనీ తెలిపాడు. ఇరవై ఏండ్ల ప్రాయంలో నెలవంకను పోగొట్టుకున్న ఆటగాడు నడివయస్సులోనే కీళ్ళవాతపు మనిషి కావడానికి కారణం అప్పటికి తెలిసింది. తెలిసినా, ఆచారం మారడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. మోకాలిని తెరవకుండానే సన్నని గొట్టంతో లోపలికి చూసే విద్యను 1918లో టోక్యోలో కెంజి తకాగి మృతదేహంపై ప్రారంభించాడు. ఆయన శిష్యుడు మసాకి వతనబే 1962లో ఆ పద్ధతిలోనే చిరిగిన ముక్కను మాత్రం తొలగించాడు. నేడు మన పట్టణాలలో ‘కీహోల్ ఆపరేషన్’ అని వ్యవహరించేది ఇదే.

ఈ చరిత్రను ఇంతగా చెప్పడానికి ప్రయోజనం ఉన్నది. ఆపరేషన్ అయిన విద్యార్థిని ‘ఏమి చేశారు?’ అని అడిగితే ‘మోకాలికి చేశారు’ అని మాత్రమే చెప్పగలుగుతున్నాడు. కోలుకునే కాలమంతా ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మీదనే ఆధారపడి ఉన్నది. చిరిగిన అంచును కత్తిరించి నునుపు చేశారా? అయితే అదే రోజో మరునాడో కాలు ఆనించి నడవవచ్చు. కొన్ని వారాలలో మెల్లగా పరుగు ఆరంభించి, రెండు నెలలకు అటూ ఇటుగా మైదానం చేరేవారు పలువురు ఉన్నారు. కత్తిరించక కుట్టారా? అప్పుడు కుట్టు నిలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు చంకకర్రలు, మోకాలికి పట్టీ, తొంభై డిగ్రీలకు మించి వంచరాదనే నిబంధన సాధారణం. గొంతు కూర్చోవడం సుమారు నాలుగు నెలలు నిషిద్ధం. ఆట నాలుగు నుంచి ఆరు నెలల తరువాతి మాట. ఎముకపై పొర చెడినచోట సన్నని రంధ్రాలు వేసి, ఎముకలోని రక్తం గడ్డకట్టి పొర వంటిది మొలిచేటట్లు చేసే పద్ధతి ఒకటి ఉన్నది. అమెరికాలో రిచర్డ్ స్టెడ్‌మన్ అనే వైద్యుడు దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. అది చేయించుకున్నవారు ఆరు నుంచి ఎనిమిది వారాలు కాలిపై పూర్తి బరువు మోపరాదు. ఆటకు ఆరు నుంచి తొమ్మిది నెలలైనా పట్టును. అట్లు మొలిచేది కూడ అసలు పొర వంటి గట్టిది కాదు. రోగి మృదులాస్థి కణాలనే తీసి, ప్రయోగశాలలో పెంచి తిరిగి నాటే పద్ధతిని స్వీడన్ వైద్యులు 1987లో ఆరంభించి 1994లో ప్రకటించారు. దానికి ఒక ఏడాది ఓర్పు కావలె.

పైకి మాత్రం వీటిలో మొదటి మూడూ సాధారణంగా ఒకే విధంగా కనిపిస్తవి. మోకాలిపై రెండు మూడు చిన్న మచ్చలు, అంతే. కత్తిరించుకున్న మిత్రుడు నెలన్నరలో పరుగెత్తగా చూసి, కుట్టించుకున్నవాడు తానూ పరుగెత్తితే కుట్టు తెగుతుంది. కుట్టు కాలయాపన కదా, కత్తిరింపే మేలు కదా అని అనిపించవచ్చు. ఆ తొందరలో పోయే ముక్క తిరిగి రాదు. చదువుకునే వయస్సువారికి కుట్టడానికి వీలున్నంతవరకు కుట్టించుకొనుటయే మేలని నేటి వైద్యుల మొగ్గు. అట్లే, ప్రతి చిరుగుకూ కత్తి అవసరం లేదు. ఫిన్లండ్‌లో 35 నుంచి 65 ఏండ్ల వయస్సుగల 146 మందిపై జరిపిన పరిశోధన 2013లో వెలువడింది. వయస్సుతో అరిగి చిరిగిన నెలవంకను కత్తిరించినవారికీ, ఊరికే కత్తిరించినట్లు నటించి కుట్లు వేసినవారికీ ఏడాది గడిచిన తరువాత బాధలో చెప్పదగిన భేదం కనిపించలేదు. మన తల్లిదండ్రుల మోకాళ్ళ విషయంలో ఇది గుర్తుంచుకోదగినది. ఆటలో గాయపడి, మోకాలు వంచరాక చాచరాక బిగుసుకుపోయిన యువకుని సంగతి వేరు.

ఆపరేషన్ తరువాత మొదట పాడయ్యేది మోకాలు కాదు, తొడ. బోడిగుండుకూ మోకాలికీ ముడి పెట్టరాదు గాని, తొడకూ మోకాలికీ ముడి ప్రకృతి వేసినదే. కీలులో నీరు చేరి వాచినంతకాలం తొడ ముందు భాగపు పెద్ద కండరానికి వెళ్ళే ఆజ్ఞను శరీరమే అణచివేస్తుంది. మనిషి ఎంత బలశాలి అయినా ఆ కండరం కొద్ది రోజులలోనే సన్నబడుతుంది. ఆ కండరం పట్టు లేక నడిస్తే భారమంతా గాయపడిన కీలుపై పడుతుంది. అందువలన తొలి సాధనలు చూడడానికి హాస్యాస్పదంగా ఉంటవి. మంచంపై కాలు చాచి, మోకాలి క్రింద చుట్టిన తువ్వాలును అయిదు సెకండ్లు క్రిందికి అదిమి వదలడం. మోకాలు వంచకుండ కాలిని జానెడెత్తు లేపి నిలపడం. మడమను పరుపుపై జరుపుతూ వైద్యుడు చెప్పిన మేరకు మాత్రమే వంచడం. పాదాన్ని పైకీ క్రిందికీ ఆడించడం. ఈ చివరిది పిక్కలో రక్తం గడ్డ కట్టకుండ కాపాడుతుంది. నూరు బస్కీలు తీసే పిల్లవానికి మూడవనాడు కాలు జానెడు లేవదు, కండ్లలో నీరు తిరుగుతుంది. అది అవమానం కాదు, శరీర ధర్మం.

తల్లులు ప్రేమతో చేసే ఒక పనిని ఇక్కడ వారించవలసి ఉన్నది. నొప్పి తగ్గునని మోకాలి క్రింద దిండు పెడతారు. హాయిగానే ఉంటుంది. కాని రాత్రింబవళ్ళు వంగి ఉన్న మోకాలు తరువాత పూర్తిగా చాచుకోదు, చాచుకోని కాలు కుంటి నడకను నేర్పుతుంది. దిండు పెట్టదలచితే మడమ క్రింద పెట్టవలె. వాపుకు మంచుగడ్డను బట్టలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు ఉంచవలె. ఒక్క చేతికర్ర పట్టే దశ వచ్చినప్పుడు దానిని గాయపడిన కాలి ప్రక్కన గాక రెండవ చేతిలో పట్టవలె. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు గాయపడినకాలు ముందు. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం కలిగినా, జ్వరం వచ్చినా, గాయం నుంచి చీము కారినా తెల్లవారేవరకు ఆగక ఆసుపత్రికి వెళ్ళవలె.

విశ్రాంతి అనగా కదలకుండుట అని మన పెద్దల భావన. మృదులాస్థి విషయంలో అది సగమే నిజం. రక్తం అందని ఈ పదార్థానికి ఆహారం కీలులోని జిగురు ద్రవం నుంచే లభిస్తుంది. కీలు కదిలి, ఒత్తిడి పడి వదిలినప్పుడు స్పంజి నీరు పీల్చినట్లు అది పోషణ పొందుతుంది. కెనడా వైద్యుడు రాబర్ట్ సాల్టర్ 1970ల నుంచి కుందేళ్ళపై ప్రయోగాలు చేసి, కట్టు కట్టి కదలకుండ ఉంచిన కీలు కంటె మెల్లగా కదిలించిన కీలులోనే పొర బాగుగా మానుతున్నదని నిరూపించాడు. కనుక భారం లేని కదలిక ఔషధం. సీటు ఎత్తుగా అమర్చిన నిలకడ సైకిలు, గాయాలు పూర్తిగా మానిన తరువాత ఈత ఇందుకు తగినవి. భారంతో కూడిన మెలి మాత్రం విషం.

మన ఇండ్లలో జీవితం నేలమీదనే సాగుతుంది. దస్తర్‌ఖాన్ ముందు కూర్చోవడం, పీటపై స్నానం, నేల మరుగుదొడ్డి, అన్నిటికీ మోకాలిని పూర్తిగా మడవవలసిందే. కుట్టిన నెలవంకకు ఇంతకంటె చెరుపు లేదు. కుర్చీ, ఎత్తయిన మరుగుదొడ్డి ఏర్పాటును ఆపరేషన్‌కు ముందే చూసుకోవలె. నమాజులో సజ్దా, ఖాయిదాలకు మోకాలు పూర్తిగా ముడుచుకుంటుంది గనుక కొందరు విద్యార్థులు సంకోచంతో నొప్పిని భరిస్తూనే నేలపై కూర్చుంటున్నారు. నిలబడలేనివాడు కూర్చొని, కూర్చోలేనివాడు పడుకొని చేయవచ్చనే వెసులుబాటు మన ధర్మంలో మొదటి నుంచీ ఉన్నదే. కుర్చీపై చేయుటకు సిగ్గుపడవలసిన పని లేదు.

చురుకైనవాడికి రోగం కంటె చురుకుదనమే పెద్ద గండం. నొప్పి తగ్గిన రోజునే నయమైనదని అతడు నమ్ముతాడు. రోజర్ ఫెడరర్ 2016 జనవరిలో మెల్‌బోర్న్‌లో సెమీఫైనల్ ఓడిన మరునాడు, కుమార్తెల స్నానానికి నీళ్ళు సిద్ధం చేస్తుండగా అతని మోకాలిలో నెలవంక చిరిగింది. ఫిబ్రవరిలో ఆపరేషన్, ఏప్రిల్‌లో తిరిగి ఆట. జులైలో వింబుల్డన్ సెమీఫైనల్‌లో ఓడిన తరువాత, మోకాలికి ఇంకా వ్యవధి కావాలని గ్రహించి ఆ యేటి మిగిలిన ఆటంతా వదులుకున్నాడు. ఆరు నెలల తరువాత, 2017 జనవరిలో, ముప్పయి అయిదేండ్ల వయస్సులో అదే మెల్‌బోర్న్‌లో విజేత అయ్యాడు. నొవాక్ జొకోవిచ్ 2024 జూన్ 5న ఆపరేషన్ చేయించుకొని జులై 14న వింబుల్డన్ ఫైనల్ ఆడినాడు, ఆగస్టులో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. విద్యార్థులు ఈ రెండవ కథనే చెప్పుకుంటున్నారు. అతని వెంట రేయింబవళ్ళు పనిచేసే ఫిజియోథెరపిస్టులు ఉంటారన్న సంగతి చెప్పుకోరు. మన తెలుగువాడు పుల్లెల గోపీచంద్ గాయం నెలవంకది కాదు, 1994లో తెగినది మోకాలి స్నాయువు. పలు ఆపరేషన్ల తరువాత అతడు ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచినది 2001లో. ఆ ఏడేండ్లు కూడ కథలో భాగమే.

పాలకవర్గం వారి దృష్టికి ఒక మనవి. ఈ వ్యాసకర్త నెలవంక కుట్టించుకొని చంకకర్రలతో వచ్చిన రోజులలో ప్రిన్సిపాల్‌గారు దయతో తరగతిని క్రింది గదికి మార్చారు. లేనిచో ఇరవై రెండు మెట్లు ఎక్కవలసి ఉండేది. అధ్యాపకునికి జరిగిన ఈ సౌకర్యం విద్యార్థికి అడగకుండానే జరగవలె. పరీక్షకు క్రింది అంతస్తులో చోటు, వైద్యుని పత్రంపై హాజరు మినహాయింపు ఇచ్చుటకు ఖర్చు ఏమీ లేదు. అంతర్‌కళాశాల పోటీల ముందు ‘ఈ ఒక్క మ్యాచ్ ఆడు’ అని ఎవరూ అడగకుండ ఉండుటకు కూడ ఖర్చు లేదు. వైద్యుడు అనుమతించిన తరువాత కూడ, జట్టులో పేరు వ్రాసే ముందు వ్యాయామోపాధ్యాయులు కొన్ని విషయాలు చూడవచ్చు. ఆడి వచ్చిన మరునాడు మోకాలు వాచుచున్నదా? రెండు కాళ్ళూ సమానంగా చాచుకుంటున్నవా? మోకాలి చిప్పకు జానెడు పైన రెండు తొడల చుట్టుకొలత ఎంత? గాయపడిన కాలిపై ఒంటికాలి గెంతు దూరం రెండవ కాలి దూరంలో తొంభై శాతమైనా ఉన్నదా? ఒంటికాలిపై బల్ల మీది నుంచి మెల్లగా దిగినప్పుడు మోకాలు లోపలికి వాలుచున్నదా? ఇందుకు మన వ్యాయామశాలలోని బల్ల, ఒక కొలత టేపు, గీత గీయడానికి సుద్దముక్క చాలును.