అమ్మవారి బొమ్మ చుట్టూ తెల్లడబ్బా: తప్పు ఎక్కడుందో వరుసగా వెతకండి

పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా రైలుమార్గం 1931లో పూర్తయింది. ఆ దారిన ఉత్తరాంధ్ర నుంచి వచ్చి రాయపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. దసరాకో, ఉగాదికో, ఇంట్లో పెళ్లికో వాళ్లు వేయించుకునే ఆహ్వానపత్రికలో హిందీ పక్కన నాలుగు తెలుగు వాక్యాలు ఉంటే ఆ ఆనందమే వేరు. తెలుగు అచ్చు అరుదుగా కనిపించే ఊళ్లో ఆ పత్రిక మచ్చ లేకుండా రావాలి.

చాలాసార్లు మచ్చ పడేది బొమ్మ దగ్గరే. పసుపు నేల మీద అమ్మవారి బొమ్మ పెట్టగానే చుట్టూ తెల్లడబ్బా వస్తుంది. వెంటనే బొమ్మను మళ్లీ కట్ చేయడానికి కూర్చోకండి. ట్రాన్స్‌పరెన్సీ, అంటే బొమ్మ వెనకున్న రంగును కనిపించనిచ్చే పారదర్శకత, ఫైలులో దాగిన సమాచారం. ఫోన్ నుంచి ప్రెస్ దాకా సాగే ప్రయాణంలో అది ఎక్కడ జారిపోయిందో ముందు తెలుసుకోవాలి.

1. బొమ్మను విడిగా పరీక్షించండి
ఫోటోషాప్‌లో గానీ గింప్‌లో గానీ బొమ్మ తెరిచి, దాని కింద కొత్త లేయర్ వేసి ముదురు ఎరుపు నింపండి. బొమ్మ చుట్టూ ఎరుపు కనిపిస్తే ఫైలు బాగానే ఉంది, మూడో మెట్టుకు వెళ్లండి. తెలుపే కనిపిస్తే బ్యాక్‌గ్రౌండ్ ఇంకా తీయలేదన్నమాట. బూడిదరంగు గళ్లు కనిపిస్తే అవి బొమ్మలో కలిసిపోయిన గళ్లే. ఇంటర్నెట్‌లో దొరికే చాలా బొమ్మల్లో ఈ మోసం ఉంటుంది. వాటిని కట్ చేయక తప్పదు.

2. బొమ్మ ఏ దారిన వచ్చిందో అడగండి
వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ జేపెగ్‌గా మారిపోతుంది. జేపెగ్‌కు ట్రాన్స్‌పరెన్సీ లేదు. ఫైలు పేరు చివర పీఎన్‌జీ అని మార్చినా పోయింది తిరిగి రాదు. అసలు ఫైలునే డాక్యుమెంట్‌గా పంపమనండి.

3. సరైన ఫార్మాట్‌లో సేవ్ చేయండి
జిఫ్‌లో ప్రతి చుక్కా ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే అసలుండదు. అందుకే అంచులు రంపంలా వస్తాయి. మామూలు పీఎన్‌జీలో ట్రాన్స్‌పరెన్సీని నమోదు చేసే ఆల్ఫా చానెల్‌కు 256 మెట్లుంటాయి కాబట్టి జుట్టు, నీడ మెత్తగా వస్తాయి. అయితే పీఎన్‌జీలో సీఎంవైకే ఉండదు. నాలుగు రంగుల ఆఫ్‌సెట్‌కు పీఎస్‌డీ మేలు. టిఫ్ అయితే సేవ్ చేసేటప్పుడు 'సేవ్ ట్రాన్స్‌పరెన్సీ' టిక్ పెట్టాలి. అచ్చయ్యే సైజులో అంగుళానికి 300 పిక్సెళ్లు ఉన్నాయో లేదో ఇక్కడే చూసుకోండి.

4. సాఫ్ట్‌వేర్ శక్తి తెలుసుకోండి
అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పనిచేసే డీటీపీ ఆపరేటర్లు తెలుగువాళ్లలో ఇంకా ఉన్నారు. 2001లో వచ్చిన 7.0 పేజ్‌మేకర్ ఆఖరి ప్రధాన వెర్షన్. ఆల్ఫా చానెల్ దానికి అర్థం కాదు. ఫోటోషాప్‌లో పెన్ టూల్‌తో అంచు గీసి, క్లిప్పింగ్ పాత్‌గా మార్చి, ఈపీఎస్‌గా సేవ్ చేస్తే తెల్లడబ్బా పోతుంది. కానీ అంచు కత్తిరించినట్టు గట్టిగా ఉంటుంది. మెత్తటి నీడ కావాలంటే బొమ్మనూ పసుపు నేలనూ ఫోటోషాప్‌లోనే కలిపి ఒకే బొమ్మగా తెచ్చుకోవడం మంచిది.

ఇన్‌డిజైన్‌లో ఈ ఇబ్బంది లేదు. ప్లేస్ చేసేటప్పుడు 'షో ఇంపోర్ట్ ఆప్షన్స్' టిక్ పెట్టండి. పీఎన్‌జీ అయితే 'యూజ్ ట్రాన్స్‌పరెన్సీ ఇన్ఫర్మేషన్' ఆన్‌లో ఉండాలి. పీఎస్‌డీ అయితే ఆల్ఫా చానెల్ దగ్గర 'ట్రాన్స్‌పరెన్సీ' అని ఉండాలి.

5. ఫ్రేమ్ రంగు చూడండి
అన్నీ సరిగా ఉన్నా డబ్బా పోలేదా? బొమ్మ కూర్చున్న ఫ్రేముకే తెల్లరంగు నిండి ఉండవచ్చు. ఫ్రేమును సెలెక్ట్ చేసి, ఫిల్‌లో 'నన్' పెట్టండి. గంటలకొద్దీ వెతికినా దొరకని తప్పు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

6. తెల్లటి అంచు తుడవండి
డబ్బా పోయినా కిరీటం చుట్టూ సన్నటి తెల్లగీత మిగులుతుంది. పాత తెల్ల నేల రంగు అంచు పిక్సెళ్లలో కలిసి ఉండడమే కారణం. ఫోటోషాప్‌లో లేయర్ మెనూలోని మ్యాటింగ్‌కు వెళ్లి 'డీఫ్రింజ్' ఒక పిక్సెల్ ఇవ్వండి, లేదా 'రిమూవ్ వైట్ మ్యాట్' వాడండి.

7. పీడీఎఫ్ దగ్గర జాగ్రత్త
పీడీఎఫ్‌లో ట్రాన్స్‌పరెన్సీ 1.4 వెర్షన్‌తో వచ్చింది. స్క్రైబస్ వాడేవాళ్లు ఎక్స్‌పోర్ట్‌లో 1.4 గానీ ఆపై వెర్షన్ గానీ ఎంచుకోవాలి. పీడీఎఫ్ ఎక్స్-1ఏ ట్రాన్స్‌పరెన్సీని చదును చేసేస్తుంది, ఎక్స్-4 అలాగే ఉంచుతుంది. ఏది కావాలో ప్రెస్‌ను ముందే అడగండి. చదును చేసిన ఫైలులో తెరమీద సన్నగీతలు కనిపిస్తే జూమ్ చేయండి. ఎంత పెంచినా గీత లావెక్కకపోతే అది సాధారణంగా తెరకే పరిమితం, అచ్చులో రాదు. బొమ్మ చుట్టూ పసుపు కాస్త వేరుగా కనిపిస్తే ఇన్‌డిజైన్‌లో 'ట్రాన్స్‌పరెన్సీ బ్లెండ్ స్పేస్'ను డాక్యుమెంట్ సీఎంవైకేకు మార్చండి. ఆ పసుపు స్పాట్ కలర్ అయితే ప్రాసెస్ కలర్‌గా మార్చి చూడండి.

కలర్ ప్రూఫ్ చూడకుండా అచ్చుకు ఒప్పుకోకండి. పని అయ్యాక లేయర్లున్న పీఎస్‌డీని ఆపరేటర్ దగ్గరే వదిలేయకుండా పత్రిక వేయించే తెలుగు సంఘం దగ్గరా ఒక కాపీ పెట్టండి. వచ్చే ఏడు కార్యదర్శి మారినా, డీటీపీ సెంటరు మారినా అమ్మవారి బొమ్మను మళ్లీ వాట్సాప్‌లో వెతుక్కునే అవసరం రాదు.