డేటోనా క్రీడారంగము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో బేస్‌బాల్ అను బంతియాట మన దేశమున క్రికెట్టువలె జనాదరణము పొందినది. ఉత్తరపు పట్టణములలో మార్చి మాసమున నింకను చలి వీడదు. అందుచే నచ్చటి జట్లు ఏటేట ఫ్లోరిడావంటి వెచ్చని ప్రదేశముల కేగి, ఆటల కాలము ఆరంభమగుటకు ముందు సాధన చేయుచు స్నేహపోటీలాడుదురు. దీనికి వసంత సాధనమని పేరు. అట్టి సాధనకు తావైన యొక క్రీడారంగపు చరిత్రమును మేము విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

ఫ్లోరిడా తూర్పుతీరమున డేటోనా బీచి నగరము గలదు. అందు హాలిఫాక్సు నదిలోని సిటీ ఐలెండను లంకపై 1914వ సంవత్సరమున నీ రంగము వెలసెను. ముప్పదేండ్లకు పైగా నిది సామాన్యమైన ఊరి యాటస్థలమే. దీనికి చరిత్రలో స్థానమిచ్చిన దినము 1946 మార్చి 17.

ఆ కాలమున దక్షిణ రాష్ట్రముల చట్టములు నల్లజాతివారిని పాఠశాలలయందు, బండ్లయందు, భోజనశాలలయందు వేఱుపఱచుచుండెను. ప్రధాన బేస్‌బాల్ జట్లలో వారికి పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి ప్రవేశమే లేకుండెను. బ్రూక్లిన్ డాడ్జర్సు జట్టు అధ్యక్షుడగు బ్రాంచి రిక్కీ యీ కట్టును త్రెంప నెంచి, 1945లో జాకీ రాబిన్‌సన్ అను నల్లజాతి యువకుని తన యనుబంధ జట్టగు మాంట్రియల్ రాయల్సునందు చేర్చుకొనెను.

రాబిన్‌సన్ తన నవవధువు రేచలుతో ఫ్లోరిడాకు బయలుదేఱగా, దారిలో వారిని విమానమునుండి దింపివేసిరి. బస్సులో వెనుక బల్లలకు పంపిరి. శాన్‌ఫర్డ్ పట్టణమున సాధన మొదలిడినంతనే బెదరింపులు రాగా డేటోనాకు మరలవలసి వచ్చెను. ఆ వసంతముననే జాక్సన్‌విల్లులో క్రీడారంగపు ద్వారములకు తాళములు వేసిరి. డిలాండులో దీపములు చెడినవని చెప్పి పోటీ మాన్పించిరి. ఆ పోటీ పట్టపగలు జరుగవలసినది!

డేటోనా మాత్రము ద్వారము తెఱచెను. అచ్చటి నల్లజాతివారు విద్యచేతను, ఐకమత్యముచేతను కొంత పలుకుబడి గడించియుండిరి. మేరీ మెక్లియాడ్ బెత్యూన్ అను విదుషీమణి 1904లో ఒకటిన్నర డాలరు ధనముతో, ఐదుగురు బాలికలతో ఆరంభించిన పాఠశాల యప్పటికి కళాశాలయై యా నగరమున విలసిల్లుచుండెను.

మార్చి 17వ తేదిని రాబిన్‌సన్ ఈ రంగమున బ్రూక్లిన్ జట్టుకు ఎదురుగా ఆడెను. సుమారు 4,000 మంది చూడవచ్చిరి. నల్లజాతివారికి వేఱుగా నేర్పఱచిన భాగము క్రిక్కిఱిసెను. ఆతని కఱ్ఱకు నాడు ఫలము దక్కలేదు; గాని చాకచక్యముతో నొక స్థానమును దాటి, ఒక పరుగు సంపాదించెను. ఎగతాళి యగుదునేమోయని వెఱచిన యాతనికి కరతాళధ్వనులు వినవచ్చెను.

డేటోనాను మితిమీఱి పొగడుట మా యభిమతము కాదు. తోడి యాటగాండ్ర హోటలులో రాబిన్‌సన్‌కు చోటు లేదు; ఒక నల్లజాతి గృహస్థుని యింట బస చేసెను. ప్రేక్షకుల ఆసనములును వేఱువేఱే. ఐనను ఆ దినమున తెఱచిన ద్వారము మరల మూతపడలేదు.

ఆ యేడు రాబిన్‌సన్ తన లీగులో నెల్లరకంటె మిన్నగా ఆడెను. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ ప్రధాన జట్టులో నిలిచెను. 1997లో ఆతడు ధరించిన 42వ సంఖ్యను ప్రధాన జట్లన్నియు ఆతని గౌరవార్థము విరమింపజేసెను. డేటోనా రంగమునకు 1989లో ఆతని పేరే పెట్టిరి. మఱుసటి యేట నచ్చట ఆతని విగ్రహము నిలిపిరి. 1998లో నీ రంగము జాతీయ చారిత్రక స్థలముల పట్టికలో చేరినది.

విద్యార్థులారా! ఈ రంగము గొప్ప భవనము కాదు. ఆనాడు ఆడినది ఒక స్నేహపోటీ మాత్రమే. ఇతరులు తాళము వేసినచోట తలుపు తెఱచుటయే దీని ఘనత. మన యాటస్థలమునందును, తరగతి బల్లపైనను ఎవ్వనికి చోటీయక యున్నామో యోచింపుడు. ఆ చోటిచ్చుటకు ధనము గాని, అధికారము గాని అక్కఱలేదు. కొంచెము జరిగి కూర్చుండిన చాలును.