మేకు కొట్టకుండా వైఫై

1890ల మధ్యలో జగదీశ్ చంద్ర బోస్ కోల్‌కతా టౌన్‌హాల్లో తీగ లేకుండా తరంగాలు పంపి అవతల గంట మోగించి చూపించారు. 1894-96 మధ్య ఆయన చేసిన మిల్లీమీటర్ తరంగాల ప్రయోగాలకు ఐఈఈఈ సంస్థ 2012లో మైలురాయి గుర్తింపునిచ్చింది. అలాంటి చారిత్రక కట్టడం ప్రాంగణంలో వైఫై కోసం ఇవాళ ఓ చిన్న యాక్సెస్ పాయింట్ (సిగ్నల్ పంపే డబ్బా) బిగించాలంటే, డ్రిల్ పట్టుకుని నిచ్చెన ఎక్కేస్తే కుదరదు. అందుకే దీనికి ఈ పని తెలిసిన టెక్నీషియన్ కావాలి.

ముందు తేల్చుకోవాల్సింది కట్టడం ఎవరి ఆధీనంలో ఉందన్నది. డల్హౌసీ ప్రాంతంలోని కరెన్సీ బిల్డింగ్, మెట్‌కాఫ్ హాల్ కేంద్ర పురావస్తు శాఖవి. విక్టోరియా మెమోరియల్ సాంస్కృతిక శాఖ కింద నడిచే స్వతంత్ర సంస్థ. ఎన్నో పాత ఇళ్లు, ఆఫీసులు కోల్‌కతా కార్పొరేషన్ వారసత్వ జాబితాలో ఒకటి, రెండు-ఏ, రెండు-బీ, మూడు గ్రేడుల్లో ఉంటాయి. కేంద్ర రక్షిత కట్టడమైతే 1958 నాటి పురాతన కట్టడాల చట్టం వర్తిస్తుంది. 2010 సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఉద్యోగంలో చేరిన తొలి వారంలోనే ఎవరైనా ఈ మాట చెప్తే బాగుండు, చాలాచోట్ల చెప్పరు.

ఇక పని. సున్నం గారతో కట్టిన ఆ మందపాటి గోడలను దాటి లోపలి సిగ్నల్ ప్రాంగణంలోకి బాగా రాదు, కాబట్టి పరికరాన్ని బయటే పెట్టాలి. గోడకు తాకకుండా ఎక్కడ పెట్టొచ్చో వెతకడమే అసలు నైపుణ్యం: ఇప్పటికే ఉన్న దీపస్తంభం, పొదల వెనక పొట్టి స్తంభం, కింది నుంచి చూస్తే కనిపించని పిట్టగోడ లోపలి వైపు. రబ్బరు పట్టీ వేసిన స్టీలు క్లాంపు బిగిస్తే రేపు తీసేసినా మచ్చ ఉండదు. రంధ్రం తప్పదంటే, అనుమతి తీసుకుని ఇటుకల మధ్య సున్నపు అతుకులో వేస్తారు తప్ప ఇటుకలోనో రాతిలోనో వేయరు. డబ్బాకు గోడ రంగు వేయొచ్చు కానీ లోహపు పొడి కలిసిన పెయింట్ అయితే సిగ్నల్ దెబ్బతింటుంది. డబ్బాకు చక్కగా రంగేసి, పక్కనే తెల్ల కేబుల్ వేలాడదీసేవాళ్లను మీరు తప్పక చూస్తారు.

రాగి ఈథర్‌నెట్ కేబుల్‌కు 100 మీటర్లే హద్దు, అది దాటితే ఫైబర్ వేయాలి. కోల్‌కతాలో దానికి ఇంకో కారణమూ ఉంది. వేసవిలో కాలబైశాఖి గాలివానతో పాటు పిడుగులు పడతాయి. గాజు ఫైబర్ ఆ విద్యుత్తును మోసుకురాదు. పరికరానికి కరెంటు మాత్రం అందించాలి కాబట్టి సర్జ్ ప్రొటెక్టర్, ఎర్తింగ్ తప్పవు. మైదాన్ వైపు చెట్లు ఎక్కువ, వానకు తడిసిన ఆకులు 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను బాగా మింగేస్తాయి. ఆకు రాలిన రోజుల్లో సర్వే చేసి సంతృప్తి పడొద్దు. 2018 అక్టోబరు నుంచి ఈ బ్యాండ్‌లో 605 మెగాహెర్ట్జ్‌ను ఆరుబయట కూడా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు, కానీ పవర్ పరిమితులు పాటించాలి, పరికరానికి కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం డబ్ల్యూపీసీ ఆమోదం ఉండాలి.

చేతిపని కంటే ఎక్కువ కాలం పట్టేది కాగితం పని. పని ముందు ఫొటోలు, ప్రతి బిగింపు స్కెచ్, పరికరం బరువు, కేబుల్ దారి, చివరికి ‘ఇదంతా ఎలా తీసేస్తాం’ అన్న వివరణ. నన్నడిగితే, ఈ ఆఖరి వివరణ రాయగలిగినవాడినే కన్సర్వేషన్ ఆర్కిటెక్ట్ మళ్లీ పిలుస్తాడు.

చేరే దారి కష్టమేమీ కాదు. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ లేదా ఎలక్ట్రీషియన్, లేదంటే పాలిటెక్నిక్‌లో ఈసీఈ. తర్వాత నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్ఏ, వైర్‌లెస్ మీద మక్కువ ఉంటే సీడబ్ల్యూఎన్ఏ. అయితే చారిత్రక కట్టడాల పనే చేసే ఉద్యోగాలు చాలా తక్కువ. నెట్‌వర్క్, సీసీ కెమెరాల కాంట్రాక్టులు తీసుకునే సంస్థలో చేరి ఈ ప్రత్యేకతను పైన కలుపుకోవాలి. ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్లు జెమ్, కేంద్ర ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో టెండర్ పత్రాలు చదివితే ఎవరు ఏం అడుగుతున్నారో తెలుస్తుంది. బెంగాల్‌లోనే ఉన్న ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాల పిల్లలకైతే బెంగాలీ వచ్చే ఉంటుంది, సైట్‌లో మాలీతో, వాచ్‌మన్‌తో మాట్లాడటానికి అది సర్టిఫికెట్ కంటే ముందు పనికొస్తుంది.

సాధనకు మీ ఊళ్లోనే ఓ పాత కాలేజీ భవనం ఎంచుకోండి. ప్రిన్సిపాల్ అనుమతితో ఫొటోలు తీసి, ఒక్క మేకూ కొట్టకుండా ప్రాంగణానికి వైఫై ఎలా ఇస్తారో రెండు పేజీల్లో రాయండి. ఇంటర్వ్యూకు ఆ రెండు పేజీలూ తీసుకెళ్లండి.