బురదలో నాలుగు చక్రాల పట్టు: ఆటోమేటిక్ మేలా, లాక్ మేలా?

2006 ఆగస్టులో తాపీ వరద సూరత్ నగరాన్ని ముంచెత్తి, బురద మిగిల్చింది. ఖటోదరా ఈ నగరంలోని ప్రాంతమే. అలాంటి బురద నేలపై ఏటీవీ సాగాలంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందాలి. ఇందుకు రెండు పద్ధతులున్నాయి.

ఆటోమేటిక్ పద్ధతిలో మామూలుగా వెనుక చక్రాలే బండిని నడుపుతాయి. అవి జారి వేగంగా తిరిగితే, రోలర్ క్లచ్ పట్టుకుని ముందు చక్రాలకూ శక్తినిస్తుంది. అంటే కొంత జారాకే సాయం అందుతుంది.

రెండో పద్ధతిలో బురదలోకి దిగకముందే నడిపేవారు స్విచ్ నొక్కాలి. డిఫరెన్షియల్ లాక్ పడితే ముందు చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. ఒకటి గాలిలో తేలినా రెండోది లాగుతుంది. అయితే హ్యాండిల్ బరువెక్కి, మలుపు కష్టమవుతుంది. గట్టి నేల రాగానే లాక్ తీసేయాలి.

అసలు తేడా తెలిసేది దిగుడులో. అక్కడ సాధారణ రోలర్ క్లచ్ ముందు చక్రాలను వదిలేస్తుంది. ఇంజన్ బ్రేకింగ్ వెనుక చక్రాలకే పరిమితమవుతుంది. జారే వాలులో ముందుగా లాక్ చేసుకున్న బండికే పట్టు ఎక్కువ.